సంతోషం కరువైతే రక్షణ పోయినట్టేనా?

అమ్మా, నువ్వు రాసింది మూడుసార్లు చదివాను. నా చిన్న కూతురిది నీ వయసే, అందుకే ‘నువ్వు’ అని రాస్తున్నాను. కడప జిల్లాలో ముప్పై నాలుగేళ్ళు పాస్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. అందులో ఎక్కువ కాలం జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో గడిచింది. ఇదే ప్రశ్న వేరే మాటల్లో అడిగిన ఆడబిడ్డలు నాకింకా గుర్తున్నారు.

చదివే మిగతావాళ్ళ కోసం నువ్వు అడిగింది క్లుప్తంగా చెప్తాను. సీఎస్ఐ (దక్షిణ భారత సంఘం) ఇంట్లో పుట్టావు, పసిబిడ్డగా ఉన్నప్పుడే బాప్తిస్మం ఇచ్చారు. పెళ్ళయి ప్రొద్దుటూరు వచ్చాక అత్తగారివాళ్ళు వెళ్ళే స్వతంత్ర సంఘానికి వెళ్తున్నావు. పాపకు ఐదో నెల. పాప పుట్టిన నెల తర్వాత నుంచి పాట పాడినా, వాక్యం చదివినా లోపల ఏమీ కదలడం లేదు. ఊరికే ఏడుపొస్తోంది. పాప నిద్రపోయినా నీకు నిద్ర పట్టడం లేదు. మొన్న ఆదివారం ప్రసంగంలో బైబిల్లోని హెబ్రీ పత్రిక ఆరో అధ్యాయం చదివి, సంతోషం పోయిందంటే రక్షణ, అంటే క్రీస్తు ఇచ్చే పాపవిమోచన, పోయినట్టే అన్నారు. అప్పట్నుంచి వణికిపోతున్నావు. నా రక్షణ పోయిందా, మళ్ళీ బాప్తిస్మం తీసుకుంటే వస్తుందా, ప్రభువు బల్లకు, అంటే గుళ్ళో రొట్టె, ద్రాక్షారసం పంచే సంస్కారానికి, చెయ్యి చాపొచ్చా అని అడిగావు.

పోలేదు తల్లీ. నీ రక్షణ ఎక్కడికీ పోలేదు. ఈ ఒక్క మాట కోసమే చదువుతుంటే ఇక్కడే ఆపి పాప పక్కన కాసేపు పడుకో. ‘ధైర్యం తెచ్చుకో’ అని ఊరికే అంటే నీకు చాలదు కాబట్టి, ఎందుకు పోలేదంటున్నానో కింద రాస్తాను. తీరికైనప్పుడు చదువుకో.

హెబ్రీ 6వ అధ్యాయం 4 నుంచి 6 వచనాలు చదివితే ఎవరికైనా గుండె జారుతుంది. ఒకసారి వెలిగింపబడి, పరలోక వరాన్ని రుచి చూసి, ఆ తర్వాత తప్పిపోయినవాళ్ళను మళ్ళీ మారుమనస్సుకు తీసుకురావడం అసాధ్యం అని ఉంది. ఆ మాటను పలచన చేసే హక్కు నాకు లేదు. అయితే ఆ ఉత్తరం ఎవరికి వెళ్ళిందో చూడు. నిందలూ హింసా భరించలేక, క్రీస్తును విడిచిపెట్టి వెనక్కి పోదామా అని ఊగిసలాడుతున్నవాళ్ళకు వెళ్ళింది. తెలిసి తెలిసి, నలుగురి ముందూ ఆయన్ను కాదనడం గురించి ఆ హెచ్చరిక. రాత్రి నాలుగుసార్లు లేచి పాలిచ్చి, తెల్లారి మోకరిస్తే కన్నీళ్ళు తప్ప మాట రాని తల్లి గురించి అందులో ఒక్క అక్షరం లేదు. ప్రసంగం ఆరో వచనం దగ్గరే ఆగిందని రాశావు. తొమ్మిదో వచనం నువ్వే తెరిచి చదువుకో. ‘ప్రియులారా’ అని పిలిచి, మీరు ఇంతకంటె మంచిదీ రక్షణకరమైనదీ అయిన స్థితిలోనే ఉన్నారని గట్టిగా నమ్ముతున్నాం అంటాడు ఆ రచయిత. హెచ్చరించిన నోటితోనే ఆ మాటా అన్నాడు. మొదటిది చదివి రెండోది వదిలేయడం వాక్యానికి అన్యాయం, వినే బిడ్డకు ఇంకా అన్యాయం.

ఇక అసలు రక్షణ పోతుందా పోదా అన్న పెద్ద తగువు. ఇది నీ సంఘంలోనో నా సంఘంలోనో పుట్టింది కాదు. 16వ శతాబ్దంలో కాల్విన్ అనే సంఘ సంస్కర్త, దేవుడు ఎన్నుకున్నవాణ్ణి చివరిదాకా ఆయనే నిలబెడతాడని బోధించాడు. హాలండులో ఆర్మీనియస్ అనే పండితుడు అంత గట్టిగా చెప్పలేమన్నాడు. ఆయన 1609లో చనిపోయాక, 1610లో ఆయన శిష్యులు ఐదు అంశాలతో ఒక విన్నపం రాశారు. విశ్వాసి పూర్తిగా పడిపోగలడా అన్నది అందులో ఐదో అంశం. ఆ ఒక్కదాని దగ్గర వాళ్ళు తీర్పు చెప్పలేదు. దీన్ని లేఖనాల్లో ఇంకా వెదికి తేల్చుకోవాలి అని రాసి వదిలేశారు. ఆ నిజాయితీ అంటే నాకు చాలా గౌరవం. తర్వాత 1618-19లో డార్ట్ పట్టణంలో మహాసభ జరిగింది, కాల్విన్ పక్షం నెగ్గింది. ఇంకో వందేళ్ళు దాటాక ఇంగ్లండులో జాన్ వెస్లీ, విశ్వాసి జారిపోయే ప్రమాదం నిజంగానే ఉందని మళ్ళీ బోధించాడు. ఇవ్వాళ మన ప్రొద్దుటూరులో, కడపలో మైకుల్లో వినబడేదంతా ఆ రెండు వాగుల నీళ్ళే.

ఇక్కడ నీకు ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఇంతగా తగువులాడిన రెండు పక్షాలూ ఒక చోట కలుస్తాయి. కాల్విన్ దారిలో నడిచినవాళ్ళు 1646లో వెస్ట్‌మినిస్టర్‌లో రాసిన విశ్వాస ప్రమాణం, నిజమైన విశ్వాసికి కూడా ‘నేను రక్షింపబడ్డాను’ అన్న నిశ్చయత చాలాకాలం కలగకపోవచ్చు, కలిగినా మసకబారొచ్చు అంటుంది. వెస్లీ మొదట్లో నిశ్చయత లేనివాడికి విశ్వాసమే లేదన్నట్టు బోధించాడు. పెద్దవాడయ్యాక ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. అంటే రక్షణ వేరు, రక్షణ ఉందన్న ఎరుక వేరు, ఆ ఎరుక వల్ల పొంగే సంతోషం ఇంకా వేరు. మూడోది కనబడలేదని మొదటిది పోయిందనడం ఈ రెండు పక్షాల పెద్దల్లో ఎవరి బోధా కాదు. నీకు చెప్పింది కాల్విన్ మాట కాదు, వెస్లీ మాట కాదు.

ఇంకో విషయం. నీకు బాప్తిస్మం ఇచ్చిన సంఘం ఎలా పుట్టిందో తెలుసా? 1822లో లండన్ మిషన్ వాళ్ళు కడపలో పని మొదలుపెట్టారు. వాళ్ళ సంఘాలు 1908లో దక్షిణ భారత ఐక్య సంఘంలో చేరాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో కాల్విన్ బాటలోని ఆ ఐక్య సంఘం, ఇంగ్లండు చర్చి బాటలోని ఆంగ్లికన్లు, వెస్లీ బాటలోని మెథడిస్టులు కలిసి సీఎస్ఐ అయ్యారు. కాల్విన్ వారసులూ వెస్లీ వారసులూ ఈ తగువు తేల్చుకోకుండానే ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే రొట్టె తిన్నారు. మీ తాతా అవ్వా ఆ బెంచీ మీదే కూర్చున్నారు.

నా మొగ్గు ఎటు అని అడుగుతావేమో. చెప్తాను. దేవుని కడప గుడికి దగ్గర్లో అద్దెకున్న రోజుల్లో పక్కింటి పెద్దాయన వైష్ణవులు, తెలుగు పండితులుగా పనిచేసి రిటైరయ్యారు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే మాటలు ఎటెటో పోయేవి. ఒకరోజు ఈ తగువు గురించి చెప్పాను. ఆయన చాలా సంతోషపడ్డారు. “ఇది మాకూ ఉంది కదండీ! కోతిపిల్ల తల్లిని తానే కరుచుకుంటుంది, పట్టు వదిలితే పడుతుంది. పిల్లిపిల్లను తల్లే నోట కరుచుకుని మోస్తుంది, పిల్ల చేసేదేమీ లేదు. మా శ్రీవైష్ణవుల్లో రెండు శాఖలు, వడగలై వాళ్ళది మర్కటకిశోర న్యాయం, తెంగలై వాళ్ళది మార్జాలకిశోర న్యాయం” అన్నారు. మా దేవుళ్ళు వేరు, మా గ్రంథాలు వేరు. కానీ దేవుడి ముందు నిలబడ్డ మనిషికి ఎదురయ్యే ప్రశ్న ఒకటేనని ఆ రోజు తెలిసింది.

నేను పిల్లిపిల్ల వైపే, తల్లీ. గ్రంథాలు చదివి తేల్చుకున్నది కొంత, స్మశానంలో నేర్చుకున్నది ఎక్కువ. మా సంఘంలో ఒక పెద్దాయన ఉండేవారు. యాభై ఏళ్ళు సండే స్కూలు నడిపారు. చివరి రెండేళ్ళు మతిమరుపు జబ్బు వచ్చింది. మొదట పిల్లల పేర్లు పోయాయి, తర్వాత ప్రార్థన పోయింది, చివరికి యేసు అంటే ఎవరని అడిగారు. ఆయన పట్టు ఎక్కడుందప్పుడు? ఆయన్ను పట్టుకున్న చెయ్యి ఒకటి ఉందన్న నమ్మకం లేకపోతే ఆ సమాధి దగ్గర నేను నోరు తెరవలేకపోయేవాణ్ణి. యోహాను 10వ అధ్యాయం 28వ వచనంలో ఉన్న మాటే ఆ రోజు చదివాను: “ఎవడును వాటిని నా చేతిలోనుండి అపహరింపడు.” హెబ్రీ పత్రికలోని హెచ్చరికలు అబద్ధాలని నేననను. బావి గట్టు మీద ఆడే బిడ్డను తల్లి గట్టిగా కేకేస్తుంది. ఆ కేక కూడా బిడ్డను కాపాడే పద్ధతే. వెస్లీ వైపున్న మంచివాళ్ళు, నాకంటే భక్తిపరులు, నాతో ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా నీ విషయంలో వాళ్ళ జవాబూ నాదీ ఒకటే.

ఇప్పుడు నీ ఒంటి సంగతికి వస్తాను. నీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కలవరపెట్టింది ఇదే. కాన్పయిన మొదటి రోజుల్లో ఊరికే ఏడుపు రావడం చాలామందికి ఉంటుంది, రెండు వారాల్లో సర్దుకుంటుంది. నీకు నాలుగు నెలలు దాటింది. పాప నిద్రపోయినా నిద్ర రాకపోవడం, దేని మీదా ఇష్టం లేకపోవడం, నేను పనికిరానిదాన్ని అనిపించడం... ఇది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్ కావచ్చు. కాన్పు తర్వాత నూటికి 13 మంది తల్లులకు ఇలాంటి మానసిక బాధ వస్తుందనీ, మనలాంటి దేశాల్లో దాదాపు 20 మందికనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా మనిషి ఇలాగే వాడిపోతుంది. కాబట్టి ఈ వారమే మీ ఆయన్ను తోడు తీసుకుని ప్రొద్దుటూరు జిల్లా ఆసుపత్రికి వెళ్ళు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. మూడు నెలలకు పైగా నిద్ర లేదని, ఏడుపొస్తోందని డాక్టరమ్మకు దాచకుండా చెప్పు. అక్కడ కుదరకపోతే కడప రిమ్స్‌కు రా. బయటికి వెళ్ళేదాకా ఆగలేకపోతే 14416కు ఫోన్ చెయ్యి. టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిదే, డబ్బులేమీ అడగరు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు. చచ్చిపోవాలనో, పాపను ఏమైనా చేసేస్తానేమోననో ఆలోచన వస్తే మాత్రం ఒక్క గంట కూడా ఆగొద్దు. పక్కనున్న మనిషికి చెప్పి వెంటనే ఆసుపత్రికి వెళ్ళు. అలాంటి ఆలోచన జబ్బులో భాగం, నీ పాపం కాదు.

‘డాక్టరు దగ్గరికి పోవడం అవిశ్వాసం’ అని ఇంట్లో ఎవరైనా అంటే, రాజులు మొదటి గ్రంథం 19వ అధ్యాయం చదివి వినిపించు. ఏలీయా అంతటి ప్రవక్త బదరీ చెట్టు కింద పడుకుని నన్ను చంపెయ్యి ప్రభువా అన్నాడు. దేవుడు ఆయనకు ప్రసంగం చెప్పలేదు. నిద్రపోనిచ్చాడు. దూతను పంపి నిప్పుల మీద కాల్చిన అప్పం, బుడ్డెడు నీళ్ళు పెట్టించాడు. మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ తినిపించాడు. మాట్లాడింది ఆ తర్వాత, నలభై రోజులు నడిచి హోరేబు చేరాక. ‘నీ విశ్వాసం ఏమైంది’ అని ఆ చెట్టు కింద ఒక్కసారి కూడా అడగలేదు.

నా సంగతి కూడా చెప్తాను. నా భార్య చనిపోయిన తర్వాత పదిహేను నెలలు నాకు లోపల రాయి పెట్టినట్టే ఉండేది. ఆదివారం తప్పేది కాదు. పీఠం మీద నిలబడి సంతోషం గురించి ప్రసంగించేవాణ్ణి, ఇంటికొచ్చి లైటు వేసుకోకుండా కూర్చునేవాణ్ణి. నేను వేషగాణ్ణేమో, ఇన్నేళ్ళూ నమ్మింది నిజం కాదేమో అని భయం వేసేది. ఒక ఆదివారం పాట ఎత్తుకోబోతే గొంతు రాలేదు. మొదటి వరుసలో చాప మీద ఒక అవ్వ కూర్చుని ఉంది. శనక్కాయ చేలల్లో కలుపు తీసే మనిషి, అక్షరం రాదు. “అయ్యా, నీకు రాకుంటే మేం పాడతాంలే, నువ్వు కూచో” అంది. కూర్చున్నాను. వాళ్ళు పాడారు. నాకప్పుడు సంతోషమేమీ రాలేదు, అది నిజం. కానీ వేషగాణ్ణన్న భయం ఆ రోజుతో పోయింది. మార్కు రెండో అధ్యాయంలో పక్షవాయువు రోగిని నలుగురు మోసుకొచ్చి కప్పు విప్పి దించుతారు కదా, అక్కడ యేసు ‘వారి విశ్వాసము చూచి’ అని ఉంటుంది. మంచం మీద ఉన్నవాడి విశ్వాసం ఎంత ఉందో ఎవరూ కొలవలేదు. అన్నేళ్ళు ఆ భాగం మీద ప్రసంగాలు చేసినా, ఆ మాట నాకు తగిలింది ఆ అవ్వ వల్లే.

నీకంటే ఎక్కువగా చీకట్లో బతికిన భక్తుడు ఒకాయన ఉన్నాడు, విలియం కూపర్. 1731 నుంచి 1800 దాకా ఇంగ్లండులో బతికిన కవి. 1773లో ఆయన మనసు బాగా దెబ్బతింది. దేవుడు నన్ను విడిచేశాడన్న భ్రమ చనిపోయేదాకా ఆయన్ను వదల్లేదు. అయినా 1779లో ఆయన స్నేహితుడు జాన్ న్యూటన్ అచ్చువేయించిన కీర్తనల పుస్తకంలో అరవైకి పైగా పాటలు కూపర్‌వే. ఇన్ని తరాల క్రైస్తవులు కష్టాల్లో వాటిని పాడుకుని నిలబడ్డారు. సంతోషమే రక్షణకు రుజువైతే, తనకే సంతోషం లేని మనిషి పాట ఇంతమందిని దేవుడి దగ్గరికి ఎలా తెచ్చింది?

‘ఎల్లప్పుడును ప్రభువునందు ఆనందించుడి’ అన్న వచనం నీకు గుచ్చుకుంటోందని రాశావు. ఫిలిప్పీ పత్రిక 4:4. పౌలు దాన్ని సంకెళ్ళలో ఉండి రాశాడు. అదే ఉత్తరం రెండో అధ్యాయంలో, తన స్నేహితుడు ఎపఫ్రొదితు చావు దగ్గరికి వెళ్ళొచ్చిన సంగతి చెప్తూ ‘దుఃఖముమీద దుఃఖము’ కలగకుండా దేవుడు కనికరించాడంటాడు. మూడో అధ్యాయంలో ఏడుస్తూ చెప్తున్నానంటాడు. ఆనందించండి అన్నవాడి ఉత్తరం నిండా తడే. పైగా అది ‘ఆనందించుము’ కాదు, ‘ఆనందించుడి’. సంఘమంతటికీ కలిపి చెప్పిన మాట. నీ వంతు నువ్వు పాడలేనప్పుడు పక్కవాళ్ళు పాడటం కూడా అందులో ఉంది.

గలతీ పత్రికలో సంతోషాన్ని ఆత్మ ఫలం అన్నారు. కోడూరు వైపు మామిడి తోటలున్నవాళ్ళను అడుగు. ఒక ఏడు విరగకాసిన చెట్టు మరుసటి ఏడు కాపు తగ్గిస్తుంది. పోయినేడు కాసింది కదా, ఇప్పుడెందుకు కాయలేదని చెట్టు కొట్టేసేవాడు లేడు. నీళ్ళు పెడతాడు, పాదు చేస్తాడు, చూస్తాడు.

మరి నీకు పాదు చేయడమంటే ఏమిటి? పెద్ద పెద్ద పనులు చెప్పను. ఉపవాసం ఇప్పుడు వద్దే వద్దు, పాలిచ్చే తల్లివి. మన ఇళ్ళల్లో కోడలు అందరికీ పెట్టి, చివర్లో నిలబడి, ఒక చేత్తో పాపను పట్టుకుని చల్లారిన సంగటి ముద్ద మింగుతుంది. నీ ఇంట్లో ఇదే జరుగుతూ ఉంటుందని నాకు అనుమానం. రోజుకు ఒక్క పూట, కూర్చుని, వేడిగా తిను. ఆ పది నిమిషాలు పాపను మీ అత్తమ్మకో, మీ ఆయనకో ఇవ్వు. బైబిల్లో ప్రసంగి గ్రంథం 9:7లో, పోయి సంతోషంగా నీ అన్నం తిను అని ఉంది. నేను ఆ వచనాన్ని చిన్న సంగతిగా చూసి చాలా ఏళ్ళు దాటేశాను. ఇప్పుడు కొత్త తల్లులున్న ఏ ఇంటికెళ్ళినా మొదట అదే చదువుతాను, అత్తగారు వినేట్టు.

సాయంత్రం పొద్దు వాలాక పాపను ఎత్తుకుని మిద్దె మీదికి పో. ఎండాకాలంలో మన బండలు రాత్రి ఎనిమిదైనా కాళ్ళకు సెగ కొడుతుంటాయి, చాప తీసుకుపో. అక్కడ ప్రార్థన చేయాలని పెట్టుకోకు. ఊరికే గాలికి కూర్చో. పాప దేనివైపు చూస్తుందో నువ్వూ దానివైపు చూడు. పిట్టో, దీపమో, పక్క మిద్దె మీద ఆరేసిన చీరో. అయిదో నెల బిడ్డ కళ్ళు దేన్నీ పాతదిగా చూడవు. నా భార్య పోయాక నాకు మొదట తిరిగొచ్చిన సంతోషం బైబిల్ చదువుతుంటే రాలేదు. మొదటి వాన పడ్డాక మట్టి వాసనకు వచ్చింది. ఆ రోజు ఏడ్చాను, చాలా రోజుల తర్వాత హాయిగా. అది ఆత్మీయమైన సంతోషం కాదని ఎవరైనా అంటే నేనొప్పుకోను. వాన కురిపించేది ఎవరు?

ప్రార్థన తప్పక చేయాలనిపిస్తే ఒక్క వాక్యం చాలు. మార్కు 9:24లో ఒక తండ్రి, నమ్ముతున్నాను, నా అపనమ్మకంలో నాకు సాయం చెయ్యి అని కేకేశాడు. ఆయన బిడ్డ బాగయ్యాడు. అదీ రాకపోతే 88వ కీర్తన చదువు. అది చీకట్లో మొదలై చీకట్లోనే ముగుస్తుంది, చివర్లో కూడా ‘స్తోత్రం’ అనదు. అలాంటి ప్రార్థననూ దేవుడు తన గ్రంథంలో ఉంచుకున్నాడు.

బాప్తిస్మం సంగతి. పసిపిల్లలకు ఇవ్వొచ్చా లేదా అన్నది ఇంకో పెద్ద తగువు. కర్నూలు వైపు బాప్టిస్టు సంఘాల్లో ఎంతో భక్తిగలవాళ్ళు ఇవ్వకూడదంటారు, వాళ్ళ కారణాలు వాళ్ళకున్నాయి. 381 నాటి విశ్వాస ప్రమాణంలో ‘ఒకే బాప్తిస్మము’ అని ఉంది, మా సంఘం దాన్నే పట్టుకుంటుంది. ఎప్పుడైనా మనసు తేటపడ్డాక, చదివి, ప్రార్థించి, నువ్వు వేరే నిర్ణయానికి వస్తే నేను తప్పుపట్టను. ఇప్పుడు మాత్రం వద్దు. ఈ భయంలో నీళ్ళలో మునిగి లేచి, మర్నాడూ సంతోషం రాకపోతే ఏమవుతావు? అత్తమ్మతో దీని మీద వాదన పెట్టుకోకు. ‘పాప కొంచెం పెద్దదైన తర్వాత మాట్లాడుకుందాం అత్తమ్మా’ అను. ఆమె కూడా నీ మేలు కోరే చెప్తూ ఉండొచ్చు.

ప్రభువు బల్ల దగ్గర చెయ్యి చాపొచ్చా అన్నావు. చాపు తల్లీ. అయోగ్యంగా తినకూడదని కొరింథీయులకు పౌలు రాసింది, ఉన్నవాళ్ళు ముందే తిని తాగి, లేనివాళ్ళను ఆకలితో కూర్చోబెట్టిన సంఘానికి. ఏడ్చేవాళ్ళను బల్ల దగ్గరనుంచి పంపేయమని ఆయన రాయలేదు. వచ్చే ఆదివారం పాట రాకపోతే పాడకు. పాపను ఒళ్ళో పెట్టుకుని వెనక గోడకు ఆనుకుని కూర్చో. రొట్టె వచ్చినప్పుడు తీసుకో.

ఆసుపత్రికి వెళ్ళొచ్చాక డాక్టరు ఏమన్నారో ఇక్కడ రెండు ముక్కలు రాయి. పేర్లేమీ వద్దు, ‘పాప తల్లి’ అని రాస్తే నాకు తెలుస్తుంది. నేను పొద్దున్నే ఐదింటికి లేస్తాను. ఆ వేళకు నువ్వూ పాలివ్వడానికి లేచే ఉంటావు. నీ బదులు ఆ పూట ప్రార్థన నేను చేస్తాను.